ప్రేమ్‌రాజ్ లేజరు కొన్న వైనం

మాదన్నపేట కూరగాయల మార్కెట్టులో ప్రేమ్‌రాజ్‌ను ఎరుగని వర్తకుడు లేడు. కొసరు పడనిదే సంచి మూతి ముడవని మనిషిగా అతనికక్కడ ప్రసిద్ధి. వంకాయలు తూచిన పిమ్మట పైన మరొక వంకాయ పడాలి; తోటకూర కట్ట వెంట పిడికెడు కొత్తిమీర రావాలి; అల్లం కొంటే రెండు పచ్చిమిరపకాయలు కలవాలి. అది వర్తకుని దయ అని అతడేనాడూ తలచలేదు, కొన్నవాని హక్కు అనే తలచాడు. కొసరు వేయని దుకాణంలో సరుకు ఎంత మేలైనదైనా ముట్టడు. కొసరు దండిగా వేసే చోట పుచ్చు వంకాయనైనా నవ్వుతూ తెచ్చుకుంటాడు.

వృత్తిరీత్యా అతడు నీళ్ళ ఆఫీసులో కాంట్రాక్టు మీద పనిచేసే లైన్‌మన్. రోజు విడిచి రోజు గల్లీలకు నీళ్ళు వదలడం, కట్టివేయడం అతని పని. నడుమెత్తు పొడుగున్న ఇనుప తాళాన్ని భుజాన వేసుకొని వచ్చి, రోడ్డు మీది చిన్న మూత తెరిచి, వంగి వాల్వు తిప్పుతుంటే, ఇరువైపుల గుమ్మాలలో బిందెలు పట్టుకొని నిలిచిన ఆడవారి చూపులన్నీ అతని చేతుల మీదనే ఉండేవి. ఆ చూపులు అతనికి అన్నం కంటె రుచి. "జరసేపు ఉంచన్నా, పిల్లల బట్టలున్నయ్" అని వేడుకొన్న గల్లీకి కొంతసేపు ఎక్కువ వదిలేవాడు. "పోయినసారి జల్ది బంద్ జేసినవ్" అని గట్టిగా అడిగిన గల్లీకి మరింత తొందరగా కట్టివేసి, అడిగిన మనిషి ముఖం ఎట్లా మారుతుందో చూడడానికి కాసేపు నిలబడేవాడు.

అతని భార్య మున్నీ. జహనుమాలో పాలు పోసి బతికే కుటుంబంలో పుట్టి, పెండ్లికి ముందే పొరుగింటివారి దగ్గర మగ్గం పని నేర్చుకొన్నది. ఇది నేతగాళ్ళ మగ్గం వంటిది కాదు. నాలుగు కర్రల చట్రానికి జాకెట్టు గుడ్డను డప్పు తోలు వలె బిగించి, కొక్కెపు సూదితో దాని మీద జరీ, పూసలు, చమ్కీలు, అద్దపు బిళ్ళలు కుట్టే పని. అద్దెకున్న రెండు గదులలో ముందు గదిని ముప్పాతిక వంతు ఆ చట్రమే ఆక్రమించేది. ప్రేమ్‌రాజ్ జీతం కాంట్రాక్టరు తలచినప్పుడు వచ్చేది. మున్నీ కూలి జాకెట్టు అప్పజెప్పిన నాడే వచ్చేది. ఇంటి కిరాయి, బియ్యం, అత్త మాణిక్యమ్మ బీపీ గోలీలు, అన్నీ ఆ సూది మొన నుంచి రాలవలసినవే. నలుసంత పూసను దారానికెక్కించే ఆ రెండు కండ్లు మసకబారితే ఇంట్లో పొయ్యి వెలగదన్న సంగతి ముగ్గురికీ తెలుసు. తెలిసినందువల్లనే మాణిక్యమ్మ కోడలిని సహించలేకపోయేది. మున్నీ చట్రం ముందు కూర్చున్నప్పుడల్లా, "మహారాణి గద్దె దిగది. ముసలిదాన్ని గిన్నెలు తోముకోవాలె" అని, కోడలికి వినపడేటట్లు గోడతో చెప్పేది.

ప్రేమ్‌రాజ్‌కున్న సరదా ఒక్కటే: వెలుగులు. గోడ అలమారలో దేవుని పటాలకు కట్టిన పై అరలో పటాలను ఒక మూలకు నెట్టి, టార్చిలైట్లు వరుసగా నిలిపాడు. సాయంత్రం మేడ ఎక్కి, దూరపు భవనాల మీద, సెల్ టవరు మీద వెలుగు వేసి, ఏ టార్చి ఎంతవరకు పారుతుందో చూచుకొని మురిసేవాడు. కుక్క కండ్లలో వేసి, అది తల విదిలించుకొంటూ పరుగెత్తితే నవ్వేవాడు. ఎదురింటి ముసలాయన మెట్లు దిగుతుండగా ముఖాన వేసి, ఆయన గోడ తడుముకొంటే, "తాతా, చందమామ నీ ఇంటికే వచ్చిండు" అనేవాడు. ముసలాయన తిట్టేవాడు కాదు. ఆయన ఇంటికి కూడ నీళ్ళు వదిలేది ప్రేమ్‌రాజే.

ఈ మురిపెం జగదీశ్వర్ వల్ల చెడింది. జగదీశ్వర్ జల్‌పల్లి వైపు కొత్త కాలనీలో ఉంటూ, పెండ్లి ఇండ్లకు దీపాలంకరణ చేసేవాడు. ప్రేమ్‌రాజ్‌కు చిరకాల స్నేహితుడు. ఒక సాయంకాలం మేడ మీద ప్రేమ్‌రాజ్ తన కొత్త టార్చి చూపిస్తుండగా, అతడు జేబులో నుంచి కలం కంటె కొంచెం లావైన గొట్టం తీసి మీట నొక్కాడు. ఆకుపచ్చని దారమొకటి మేడ మీది నుంచి మబ్బు దాక తెగకుండా నిలిచింది. చుట్టుపక్కల మేడల మీద పిల్లలు కేకలు వేశారు. ప్రేమ్‌రాజ్ టార్చి దాని ముందు, పెండ్లికొడుకు పక్కన తోటిపెండ్లికొడుకు వలె నిలిచింది.

"దీన్ని లేజరంటరు భాయ్," అన్నాడు జగదీశ్వర్, "నీ చేతులున్నది అంగన్‌వాడీల ఇచ్చే బొమ్మ."

ఆ రాత్రి ప్రేమ్‌రాజ్ అన్నం సరిగా తినలేదు. మరునాడు ఇరానీ హోటల్లో జగదీశ్వర్‌ను పట్టుకొని ముందు చాయ్ పోయించాడు, పిమ్మట అడిగాడు.

"నాకు గూడ గసొంటిది గావాలె. నీ దానికన్న పెద్దది."

"పెద్దది అంటే ఏంది? బర్రెను కొంటున్నవా? దాంతోని ఏం జేస్తవో ముందు జెప్పు. ఆకాశంల గీత గియ్యాల్నంటే ఆకుపచ్చ మంచిది, తక్కువ పవరుల గూడ కండ్లకు మస్తు కనపడ్తది. ఏమన్న కాల్చాల్నంటే నీలం. అగ్గువకు ఎక్కువ పవరొస్తది. గని చూస్తె గంత వెలుగనిపియ్యది. గదే దాని మోసం."

"కాల్చాలె."

"ఏం కాలుస్తవ్?"

"ఏదన్న. కాల్తదా లేదా, గంతే."

జగదీశ్వర్ నవ్వాడు. "సరే, ఇను. డబ్బ మీద రాసిన పవరు నమ్మకు. తాళంచెవి ఉన్నది దీస్కో, లేకుంటె ఎవడన్న తెల్వకుంట నొక్కుతడు. అన్నిటికన్న ముందు కండ్లద్దాలు గొను, తర్వాత లేజరు గొను. ఒక్కో రంగు వెలుగుకు ఒక్కో రంగు అద్దం. నీలానికి నారింజ రంగుయి. నీకొక్కనికే గాదు, పక్కపొంటి ఎంతమంది ఉంటె అంతమందికి. అద్దాల్లేనోడు కిందికి దిగిపోవాలె."

"అగో, సినిమాకు టిక్కెట్లు గొన్నట్టు జెప్తున్నవ్."

"నీ ఇష్టం. గుడ్డోనివైతె రేపు వాల్వు తడుముకుంట తిప్పుతవ్. గల్లీల ఆడోళ్ళు పండుగ జేస్కుంటరు."

బల్ల చుట్టూ ఉన్నవారంతా నవ్వారు. ప్రేమ్‌రాజ్ కూడ నవ్వాడు గాని, చాయ్ సగమే తాగి లేచాడు.

తరువాత అతడు ఫోనులో కనపడిన ప్రతి లేజరునూ చూశాడు. కటకం తిప్పి వెలుగును సన్నం చేసేది ఏది, త్వరగా వేడెక్కి ఆగిపోయేది ఏది, ఏ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది, అన్నీ నోటికి వచ్చాయి. కొనడానికి చేతిలో డబ్బు మాత్రం లేదు. డబ్బు మున్నీ కొంగున ఉన్నది.

గీతాంజలి అనే ఆవిడ పెండ్లికూతుళ్ళ జాకెట్లు కుట్టించి అమ్మే దుకాణం నడిపేది. మున్నీకి పనిచ్చేది ఆవిడే. ఆ మాసంలో ఒక పెండ్లి జాకెట్టుకు జరీకి, పూసలకు ముందుగా కొంత ముట్టజెప్పింది. చేతులకు జాలీగుడ్డ, దాని మీద నెమలి ఈకలు, ప్రతి ఈక నడుమ చిన్న అద్దపు బిళ్ళ, బిళ్ళ చుట్టూ జాలీని కాల్చి తీసివేసి ఖాళీ చూపించాలి. ఈ కాల్చే పనికి మగ్గం వారంతా వెలిగించిన అగర్‌బత్తి వాడతారు. కొసను ఊదుతూ, గుడ్డకు తాకీ తాకనట్లు నడిపించాలి. ఊపిరి కొంచెం తప్పితే జరీ మాడుతుంది.

ప్రేమ్‌రాజ్ వచ్చి చట్రం పక్కన చతికిలబడ్డాడు. అతడట్లా కూర్చొని ఎన్నాళ్ళయిందో మున్నీకే గుర్తు లేదు.

"గీ అగర్‌బత్తి ఊదుకుంట ఎన్నొద్దులు కూసుంటవే? ముక్కుల పొగ, కండ్లల్ల పొగ. లేజరుంటె గీత గీసినట్టు కాలుస్తది. మసి లేదు, పొగ లేదు. పది జాకెట్ల పని ఒక్కనాడు జేయొచ్చు."

"నీ సరదాకు నా పని అడ్డం పెడ్తున్నవా?"

"నీ కోసమే అంటున్న గద. నీ పని గురించి నేను ఎన్నడన్న మాట్లాడిన్నా? ఇయ్యాల మాట్లాడుతున్న."

ఆ మాట నిజమే. అతడు ఆమె పని పేరెత్తడం అదే మొదటిసారి. తన కోసం కాదని తెలిసి కూడ ఆమె చేయి కొంగు ముడి మీదికి పోయింది.

"మొగడు అడుగుతుంటె ముడి ఇప్పనీకి గింత సేపా?" అన్నది మాణిక్యమ్మ లోపలి గదిలో నుంచి.

కోఠీలో ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే సందులో వెంకటనారాయణ అనే పెద్దమనిషి దుకాణం ఉన్నది. ఆయన నీలి వెలుగు లేజర్లు రెండు బల్ల మీద పెట్టి, వెలిగించడానికి ముందు నారింజ రంగు అద్దాలు తాను పెట్టుకొని, ప్రేమ్‌రాజ్‌కు పెట్టించి, దుకాణంలోని కుర్రవాణ్ణి బయటికి పంపాడు. చిన్నది అగ్గిపుల్లను కొంతసేపటికి అంటించింది. పెద్దది తాకగానే అంటించింది. నల్ల కాగితం మీద పొగ లేచింది.

"మొదటిసారి కొంటున్నారు కదా. చిన్నది తీసుకోండి. చేయి కుదిరాక పెద్దది చూద్దాం."

"నా చెయ్యి ఎప్పుడో కుదిరింది సేటూ. పెద్దదే ఇయ్యి." బేరం ముగిసి డబ్బు చేతిలోకి తీసిన పిమ్మట ప్రేమ్‌రాజ్ ఆగాడు. "కొసరేంది?"

"లేజరుకు కొసరేమిటయ్యా?"

"గీ అద్దాలు కొసరు కింద ఎయ్యి."

"వాటి ధర వేరు. దొంగ అద్దాలు కావవి."

"మాదన్నపేటల కొత్తిమీర్ల ముసలిది గూడ కొసరేస్తది. నువ్వు గింత పెద్ద దుకాణం పెట్టి ఎయ్యవా?" డబ్బు తిరిగి జేబులో పెట్టుకొని మెట్టు దిగాడు, పిలుపు రాకపోతే మళ్ళీ ఎక్కాడు, మరొకసారి దిగాడు. చివరకు ఆ పెద్దమనిషి విసిగి, ఒక జత బల్ల మీదికి తోశాడు.

"ఇది ఒక్కటే. రెండో జత కావాలంటే కొనాలి. మీ ఇంట్లో పక్కన ఎవరైనా నిలబడతారా?"

"రెండోది ఎవరికి?" అన్నాడు ప్రేమ్‌రాజ్.

మాట తప్పించడానికి అన్నది కాదది. ఎవరికో అతనికి తోచలేదు. తోచినా కొని ఉండడు. ఒకటి కొసరుగా రాబట్టిన చోటనే రెండవదానికి డబ్బిస్తే గెలిచినది ఎదుటివాని చేతిలో పెట్టినట్లవుతుంది. మార్కెట్టులో అట్లా చేసినవాణ్ణి అతడింతవరకు చూడలేదు. బస్సులో ఇంటికి వస్తూ డబ్బాను రెండుసార్లు తెరిచి చూచుకొన్నాడు, రెండుసార్లూ ముందు చేత పట్టుకొన్నవి ఆ అద్దాలే.

మరునాటి సాయంత్రం, ఇంకా వెలుతురుండగానే మేడ ఎక్కారు. మాణిక్యమ్మ మెట్ల దగ్గర వీపు తిప్పుకొని బియ్యంలో రాళ్ళేరుతున్నది. ప్రేమ్‌రాజ్ అద్దాలు పెట్టుకొని ముందు అగ్గిపుల్ల కాల్చాడు. బుడగ పగులగొట్టాడు. పాత బక్కెటుకు బొక్క పెట్టాడు. పిట్టగోడ మీద చీమ ఒకటి పోతుంటే దాని వెంట చుక్కను నడిపించి, దాని మీద నిలిపాడు. చీమ ఉన్నచోట చిన్న పొగ లేచింది.

"ఎందుకయ్యా, పాపం," అన్నది మున్నీ, జాకెట్టు చేతిని బిగించిన చిన్న చట్రాన్ని కింద పెడుతూ.

"చీమకు గూడ పాపమా? దోమలను సంపుతలేవా? తే, నీ నెమలీకలు ఏవి?"

"మరి నాకు అద్దాలు?"

"నీకెందుకే, పట్టేది నేను గద. కండ్లు మూస్కో."

"మూసుకుంటె ఎక్కడ కాల్చాల్నో ఎట్ల జెప్పాలె?"

"అయితె తెర్సుకో."

ఆమె వంగింది. వేలి గోటితో జాలీ మీద గీత చూపింది. కాలవలసిన జాలీకి, కుట్టిన అద్దపు బిళ్ళకు నడుమ ఉన్న ఎడం నువ్వుగింజంత కూడ లేదు. అగర్‌బత్తి పట్టిన చేయి ఆ ఎడాన్ని ఎరుగును. వాల్వు తాళం పట్టిన చేయి ఎరుగదు. నీలి చుక్క జాలీ మీద పడి, గుడ్డ ముడుచుకొని, ప్రేమ్‌రాజ్ "అగో!" అని సంతోషంతో అన్నాడు. ఆ అనడంలో చేయి కదిలింది. చుక్క బిళ్ళ మీదికి జారింది.

చప్పుడేమీ కాలేదు. ఎవరో ముఖాన ఊదినట్లు మున్నీ తల కొద్దిగా వెనక్కి పోయింది.

"ఏమైంది?"

"ఏమో. మెరిసింది."

అతడు చట్రాన్ని ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. "జరీ అయితె కాలలే," అన్నాడు తృప్తిగా.

నొప్పి లేదు. నొప్పి లేనందువల్ల ఏమీ జరగలేదనే ముగ్గురూ అనుకొన్నారు. మున్నీ కిందికి దిగి రొట్టెలు చేసింది. పెనం మీది రొట్టెకు అంచు కనిపించింది, నడుమ నల్లటి మచ్చ కనిపించింది. మాడిందేమోనని తిప్పింది. రెండవ వైపున కూడ మచ్చ ఉన్నది. గోడ వైపు చూస్తే గోడ మీదికి వచ్చింది, అత్త వైపు చూస్తే అత్త ముఖం మీదికి వచ్చింది. తెల్లవారి కూడ అది పోలేదు. ఒక కన్ను మూసి, మరొకటి మూసి చూచుకొంటే, మచ్చ కుడి కంటిదని తెలిసింది.

"పని ఎగ్గొట్టనీకి కొత్త నాటకం," అన్నది మాణిక్యమ్మ. కాని ఆ పూట ఆమె గొంతులో బెదురున్నది.

కంటి దవాఖానాకు తీసుకొని పోయేటప్పుడు ఆటోలో ప్రేమ్‌రాజ్ భార్యకు ఒకే మాట నూరిపోశాడు. "లేజరని అనకు. పోలీసు కేసు గిట్ల అయితె నా నౌకరి పోతది. బజార్ల వెల్డింగ్ చూసిన అని జెప్పు."

డాక్టరు కంటిలోకి చాలాసేపు చూశాడు. "సూర్యుణ్ణి చూశావామ్మా? లేజరు లైటేమైనా పడిందా?"

"వెల్డింగ్ సార్," అన్నాడు ప్రేమ్‌రాజ్.

"ఆమెను చెప్పనీయండి."

మున్నీ డాక్టరు వైపు చూసింది. కుడి కంటికి ఆయన తెల్లకోటు భుజాలు మాత్రమే కనిపించాయి. "వెల్డింగే సార్," అన్నది.

చూపుకు కేంద్రమైన చోట కాలిపోయిందని, చుట్టూ ఉన్నది కనిపిస్తుంది గాని తిన్నగా చూచినది కనిపించదని, అది తిరిగి వచ్చే ఆశ లేదని ఆయన చెప్పాడు. బయటికి వచ్చిన తరువాత ప్రేమ్‌రాజ్ పెద్దగా ఊపిరి వదిలి, భార్యకు చెరకు రసం ఇప్పించాడు. "ఇంకో కన్ను మంచిగనే ఉంది గద, ఫికర్ ఎందుకు? ఒకటి అసలు, ఒకటి కొసరు. దేవుడు గందుకే రెండిచ్చిండు."

ఆమె గ్లాసు తిరిగి బండి మీద పెట్టింది. "బయట ఎవ్వరికీ చెప్పకు. మేడమ్‌కు తెలిస్తె పెండ్లి జాకెట్లు నాకియ్యది."

"నాకేం పని జెప్పనీకి?"

ఆమె భయానికి కారణమున్నది. ఒంటికంటి మనిషి ఎదురైతే పెండ్లివారు గడప లోపలికి మళ్ళే చోట, అటువంటి మనిషి చేత పెండ్లికూతురు రవిక కుట్టించుకొనేవారు లేరు. చూచేవారికి ఆ కన్ను మామూలుగానే ఉన్నది. ఎవరూ చెప్పనంతకాలం ఎవరికీ తెలియదు. అదొక్కటే ఆమెకు మిగిలిన ఆసరా.

తక్కువపడిన జరీ, పూసలు అరువు తెచ్చుకొని, కుడి కంటికి గుడ్డ కట్టుకొని మున్నీ ఆ జాకెట్టు పూర్తిచేసింది. ఒక కంటితో చూస్తే గుడ్డ ఎంత లోతున ఉన్నదో, సూది ఎంత దిగిందో తెలియదు. చట్రం కింద దారమందించే ఎడమ చేతిలోకి కొక్కెం దిగబడేది. దిగినది వంకర కొస గనుక ఊరికే ఊడేది కాదు. రక్తం గుడ్డకంటితే తన ఉమ్మి తడితో తుడిచి, మళ్ళీ కూర్చునేది. కుట్టినది విప్పడం, విప్పినది కుట్టడం. పక్కన మాణిక్యమ్మ, "ముందు ఒక్కనాడు జేసే పనికి వారమా?" అని అడిగేది, సమాధానం తెలిసే అడిగేది.

గీతాంజలి జాకెట్టును తిరగవేసి, లోపలి ముడులు చూసి, చేతి వేళ్ళతో ఈకలు తడిమి, "ఎప్పటిలాగే ఉంది" అన్నది. అక్కడికక్కడే మరొక పెండ్లి పని అప్పగించింది. ఆ సాయంత్రం మున్నీ బస్సు దిగి మార్కెట్టులో మూరెడు మల్లెపూలు కొన్నది. ఆ కన్ను పోయిన పిమ్మట ఆమె తన కోసం కొన్న వస్తువు అదొక్కటే.

కొత్త జాకెట్టు సగమైన రోజులలో, ఇరానీ హోటల్లో బల్ల చుట్టూ లేజరు ప్రస్తావన వచ్చింది. ప్రేమ్‌రాజ్ అగ్గిపుల్ల సంగతి, బక్కెటు సంగతి అప్పటికి చాలాసార్లు చెప్పి ఉన్నాడు. జగదీశ్వర్‌కు విసుగొచ్చింది.

"అగ్గిపుల్ల కాల్చుడు ఏం గొప్ప భాయ్? బూతద్దం పెట్టి పోరగాండ్లు గూడ కాలుస్తరు. నీకు సేటు టోపీ పెట్టిండు. పెద్దదని జెప్పి చిన్నది అంటగట్టిండు."

"చిన్నదా? నీకేమెర్క దాని పవరు?"

"ఎర్కనే. డబ్బ మీది పవరు సగం అబద్దం."

అందరూ నవ్వారు. ప్రేమ్‌రాజ్ చెవులు ఎర్రబడ్డాయి. "అబద్దమా? నా పెండ్లాం కన్ను వొయ్యింది, తెల్సా? అద్దం బిళ్ళ మీద వడి మర్లితేనే వొయ్యింది. ఒక్క చిటికెల. నడిమి మొత్తం కాలిందని డాక్టరే అన్నడు."

సాసరులో చాయ్ పోసుకొంటున్న జగదీశ్వర్ కప్పు కింద పెట్టాడు.

"నిజంగనా?"

"పోయి చూస్కో."

జగదీశ్వర్ తల ఊపాడు. "గట్లయితె పవరున్నట్టే," అన్నాడు.

ప్రేమ్‌రాజ్ ఆనాడు అందరి చాయ్ డబ్బులూ తానే ఇచ్చాడు.

జగదీశ్వర్ చెడు తలపెట్టినవాడు కాడు. మంచి కథ దొరికినప్పుడు దాచుకొనలేనివాడు, అంతే. మూడు పెండ్లి ఇండ్లకు దీపాలు కట్టాడు, మూడు ఇండ్లలోనూ నిచ్చెన మీది నుంచి ఆ కథ చెప్పాడు. మూడవ ఇంటి పెండ్లికూతురి తల్లి కింద నిలబడి విన్నది. మాదన్నపేటలో మగ్గం పని చేసే మున్నీ అన్న మాట చెవిన పడగానే లోపలికి పోయి, తమ జాకెట్టు ఎవరు కుడుతున్నారని గీతాంజలికి ఫోను చేసింది.

గీతాంజలి స్వయంగా వచ్చింది. చాయ్ వద్దన్నది. పీట వేస్తే కూర్చొనలేదు. చట్రం అంచున బిగించిన దారాన్ని చిన్న కత్తెరతో కత్తిరించడం మొదలుపెట్టింది.

"సగం అయింది మేడమ్," అన్నది మున్నీ.

"చూశాను మున్నీ. పనిలో తప్పేమీ లేదు. నీ పనికి నేను ఏనాడూ వేలెత్తి చూపలేదు. కాని ఇది పెండ్లి బట్ట. వాళ్ళకు కొన్ని నమ్మకాలుంటాయి. నేను వ్యాపారం చేసుకోవాలి కదా."

"ఇంకో కన్ను మంచిగుంది మేడమ్. మీరే చూడుండ్రి." ఆమె సన్నని పూసను వెతికి, దారం కొసను నోట తడిపి, మొదటి ప్రయత్నంలోనే ఎక్కించి, చేయి చాచి చూపింది.

"అవును, ఎక్కింది," అని గీతాంజలి మిగిలిన దారాన్ని కూడ కత్తిరించింది. గుడ్డను మడిచి, జరీ ఉండలు, మిగిలిన పూసల పొట్లాలు ఏరి సంచిలో వేసుకొన్నది. "స్కూలు పిల్లల డ్యాన్సు బట్టలేవైనా వస్తే చెప్తాను."

గుమ్మం దాక వెళ్ళి ఆగింది. ఆ వేళ గల్లీలో నీళ్ళు వదిలి ఉన్నారు. నిండు బిందె చంకన పెట్టుకొని ఒక ఆమె ఎదురు వచ్చేదాక వేచి, అప్పుడు కుడికాలు బయట పెట్టింది.

ప్రేమ్‌రాజ్ వాల్వులు కట్టి మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు. ముందు గదిలో నాలుగు కర్రల నడుమ గుడ్డ లేదు. కింది గచ్చు కనిపిస్తున్నది. గోడకానుకొని మున్నీ కూర్చున్నది.

"ఎవ్వరికి జెప్పినవ్?"

"ఏంది?"

"నా కన్ను సంగతి."

అతడు తాళాన్ని మూలకు పెట్టాడు. "జగదీశ్వర్ నా లేజరు చిన్నదన్నడు. నలుగురిల గంత మాటంటె ఊకుంటనా?"

"మొగోడు మాట పడ్తడా?" అన్నది మాణిక్యమ్మ అలవాటు కొద్దీ. అంతలోనే ఖాళీ చట్రం చూసి, కొడుకు వైపు తిరిగింది. "కాంట్రాక్టరు పైసలు ఎప్పుడిస్తడురా?"

కొడుకు వినిపించుకొనలేదు. భార్య తన వైపు చూస్తున్న తీరు అతనికి వింతగా తోచింది. ఆమె ఎడమ కంటిని అరచేతితో మూసుకొని, కుడి కంటితో తిన్నగా చూస్తున్నది. ఆ కంటికి చొక్కా గుండీలు కనిపించాయి. చెవుల కొసలు కనిపించాయి. వెనుక అలమార అంచు కనిపించింది. నడుమ ముఖం ఉండవలసిన చోట ఏమీ లేదు.

"ఏం జూస్తున్నవే?"

"నిన్నే."

"కనపడ్తున్ననా?"

"లేవు."

అతడు తల పక్కకు వంచాడు. ఆమె కన్ను అటు కదిలింది. "ఇప్పుడు?"

"లేవు."

రెండవ పక్కకు వంచాడు. కన్ను అటూ కదిలింది. "ఇప్పుడు?"

"లేవు."

"అమ్మా, గిటు రా, తమాషా చూడు," అని అతడు నవ్వుతూ పిలిచాడు. మాణిక్యమ్మ వచ్చి పక్కన నిలబడింది. అతడు కూర్చున్నాడు, లేచాడు, తలుపు దాక నడిచి వెనక్కి వచ్చాడు. ప్రతిసారీ అడిగాడు, ప్రతిసారీ ఆమె ఒకే మాట చెప్పింది. పొయ్యి మీద ఏమీ లేదు. పొద్దు వాలుతున్నా ఎవరూ అన్నం మాట ఎత్తలేదు. అతడు ఎటు తిరిగితే అటు తిరిగి, మున్నీ అతని ముఖం మీదనే చూపు నిలిపి, ఆ ముఖాన్ని లేకుండా చేస్తూనే ఉన్నది.